చక్కెర మిల్లు నీటి పరీక్షలు – 4వ పాఠం: కండెన్సేట్‌లో కలిసింది బోరు నీళ్లా, చెరకు రసమా?

మూడో పాఠంలో శాంపిల్ పట్టడం దాకా వచ్చాం. పైపులో నిలిచిన నీళ్లు పోనిచ్చి పట్టడం, సీసాను అదే నీటితో మూడుసార్లు కడగడం, చోటూ సమయమూ సీసా మీదే రాయడం చూశాం. ఇవాళ బ్యూరెట్ పడతాం. పరీక్షలు రెండే: కఠినత్వం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం), చక్కెర జాడ. విడివిడిగా ఇవి ఏ డిగ్రీ ప్రాక్టికల్స్ పుస్తకంలోనైనా దొరుకుతాయి. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి తప్పు ఎక్కడుందో చెప్పగలిగితేనే మిల్లు కెమిస్టు అనిపించుకుంటారు. ఈ పాఠం నేర్పేది అదే.

మొదట నీళ్ల దారి తెలియాలి. చెరకు బరువులో సుమారు 70 శాతం నీళ్లే. రోజుకు 2,500 టన్నులు ఆడే మిల్లుకు చెరకుతోనే 1,750 టన్నుల నీళ్లు వచ్చిపడతాయి. రసం ఇవాపరేటర్లలో (రసాన్ని చిక్కబరిచే పాత్రల్లో) మరుగుతుంటే ఆ నీళ్లు ఆవిరవుతాయి, చల్లబడి కండెన్సేట్‌గా చేతికొస్తాయి. మొదటి బాడీని (వరసలో మొదటి ఇవాపరేటర్ పాత్రను) వేడిచేసే ఎగ్జాస్ట్ స్టీమ్ (టర్బైన్ తిప్పి బయటికొచ్చిన ఆవిరి) తాలూకు కండెన్సేట్ శుభ్రంగా ఉంటుంది కాబట్టి బాయిలర్‌కే తిరిగి వెళ్తుంది. తర్వాతి బాడీల్లో రసం ఆవిరి నుంచి వచ్చేదాన్ని ఇంబిబిషన్‌కు (పిప్పిలో మిగిలిన రసం రాబట్టడానికి నీళ్లు చల్లడం), సున్నం కలపడానికి, ఫిల్టర్ కడగడానికి వాడతారు. బాయిలర్‌కు ఇంకా తక్కువైతే బోరు నీళ్లనో కాలువ నీళ్లనో సాఫ్టెనర్ (కఠినత్వం తీసే పరికరం) గుండా పంపి, తగ్గిన నీళ్లకు బదులుగా, అంటే మేకప్‌గా కలుపుతారు.

బాయిలర్‌కు రెండు పడవు. కఠినత్వం ఉంటే ట్యూబుల లోపల స్కేలు కడుతుంది. వేడి నీళ్లకు చేరక లోహమే కాలి, ఉబ్బి, ఒకరోజు పగులుతుంది. చక్కెర చేసే హాని ఇంకా తొందరగా కనబడుతుంది. బాయిలర్ వేడికి అది విరిగి సేంద్రియ ఆమ్లాలుగా మారుతుంది, పీహెచ్ పడిపోతుంది, నీళ్లు నురగెత్తి స్టీముతో పాటు టర్బైన్ వైపు ఎగురుతాయి.

హైదరాబాద్‌లో కూర్చుని సాధన ఎలా?

నగరంలో చెరకు రసం బండ్లున్నాయి గానీ మిల్లు లేదు. చెరకు చూడాలంటే జహీరాబాద్ వైపు పోవాలి. అయినా సాధనకు కావలసిన నీళ్లన్నీ మీ అపార్ట్‌మెంట్‌లోనే దొరుకుతాయి. నాలుగు సీసాలు నింపండి: బోరు నీళ్లు, నల్లా నీళ్లు, ఆర్వో నీళ్లు, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. మనకిక్కడ కండెన్సేట్ అంటే ఈ నాలుగోదే. గాలిలోని తేమ చల్లని కాయిల్ మీద నీరై కారుతుంది కనుక అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. (మే నెల పొడి ఎండల్లో సీసా నిండడానికి చాలాసేపు పడుతుంది. జూన్ వానలు మొదలయ్యాక బకెట్లే నిండుతాయి.) మీ ఇంటికొచ్చే నల్లా నీళ్లు మంజీరావైతే ఇంకో సంగతి: అదే నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల నీళ్లతోనే బోధన్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీకి చెరకు పండింది.

గాఢ అమ్మోనియా, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వంటింట్లో వద్దు. కాలేజీ ల్యాబ్‌లో, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన ఇంకొకరు ఉండగానే చేయండి. ఎండాకాలంలో అమ్మోనియా సీసాలో ఒత్తిడి పెరుగుతుంది. మూత తీసే ముందు సీసాను చల్లటి నీళ్లలో కాసేపు ఉంచాలి.

కఠినత్వం

1940ల్లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త గెరోల్డ్ ష్వార్జెన్‌బాఖ్ ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియం వంటి లోహాలను పట్టుకునే రసాయనం) పద్ధతిని తెచ్చేదాకా సబ్బు ద్రావణం పోసి, నురగ ఎప్పుడు నిలుస్తుందా అని చూసేవారు. ఇప్పుడు మన పని తేలిక.

డైసోడియం ఈడీటీఏ 3.723 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి లీటరు చేస్తే 0.01 మోలార్ ద్రావణం. అందులో ఒక మి.లీ. ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం. దీన్ని పాలిథిన్ సీసాలో దాచండి. గాజులో నిలవ ఉంచితే గాజు నుంచే లోహాలు దిగి బలం తగ్గుతుంది. బఫర్‌కు (పీహెచ్‌ను 10 దగ్గర నిలిపే ద్రావణం) అమ్మోనియం క్లోరైడ్ 16.9 గ్రాములు, గాఢ అమ్మోనియా ద్రావణం 143 మి.లీ., మెగ్నీషియం ఈడీటీఏ 1.25 గ్రాములు కలిపి 250 మి.లీ. చేయండి. సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. దీన్ని ద్రావణంగా ఉంచితే త్వరగా చెడిపోతుంది. అర గ్రాము రంగును 100 గ్రాముల సోడియం క్లోరైడ్‌తో మెత్తగా నూరి పెట్టుకుంటే చిటికెడు చిటికెడుగా నెలల తరబడి వస్తుంది.

కోనికల్ ఫ్లాస్కులో 50 మి.లీ. నీళ్లు, 1 నుంచి 2 మి.లీ. బఫర్, చిటికెడు సూచిక. పీహెచ్ 10 దగ్గర నీళ్లు ద్రాక్ష ఎరుపుకు తిరుగుతాయి. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ వదలండి. ఎరుపు ఊదాలోకి వచ్చాక చుక్కచుక్కగా వేయాలి. ఎర్రఛాయ పూర్తిగా పోయి నీలం మిగిలిన చోట ఆగాలి. ఊదా దగ్గరే ఆపేసేవారు చాలామంది. తెల్ల కాగితం మీద, పగటి వెలుతురులో, పక్కన ఇంకో ఫ్లాస్కులో పూర్తయిన నీలం పెట్టుకుని పోల్చండి.

బఫర్ పోసిన దగ్గర్నుంచి ఐదు నిమిషాల్లో ముగించాలి. ఆ పీహెచ్‌లో కాల్షియం కార్బొనేట్ మెల్లగా అవక్షేపమై లెక్కలోంచి జారిపోతుంది. హైదరాబాద్ బోర్లు గ్రానైట్ రాతి నేలలోవి. ఆ నీళ్లకు 50 మి.లీ. తీసుకుంటే బ్యూరెట్ సగం ఖాళీ అవుతుంది, టైమూ దాటుతుంది. అందుకే 25 మి.లీ. తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో 50 చేయండి. 11.5 మి.లీ. ఈడీటీఏ పట్టిందనుకుందాం. 11.5 ను 1000తో గుణించి 25తో భాగిస్తే 460 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కోరదగిన హద్దు 200, వేరే నీళ్లు లేకపోతే ఒప్పుకునే హద్దు 600. అంటే తాగడానికి ఎలాగోలా నెట్టుకొస్తారు. బాయిలర్ ఫీడ్‌కు (బాయిలర్‌లోకి పంపే నీళ్లకు) మాత్రం కఠినత్వం ఉండనే కూడదు.

బఫర్‌లో మెగ్నీషియం ఎందుకు వేశామో కొంచెం ఆగి చూద్దాం, ఎండ్‌పాయింట్ గొడవల్లో సగం ఇక్కడివే. ఎరియోక్రోమ్ కాల్షియంను గట్టిగా పట్టుకోలేదు, మెగ్నీషియంను పట్టుకోగలదు. ఈడీటీఏ ముందు కాల్షియంను తీసుకుని, చివరకు సూచిక చేతిలోని మెగ్నీషియంను లాక్కుంటుంది. ఆ క్షణానే రంగు మారుతుంది. నీళ్లలో మెగ్నీషియం మరీ తక్కువైతే ఆ మార్పు మందకొడిగా, ఎటూ తేలకుండా సాగుతుంది. అందుకని మనమే కొంచెం ఇస్తాం. ఈడీటీఏతో జతకట్టించే ఇస్తాం కనుక లెక్క చెడదు. మెగ్నీషియం ఇచ్చినా నీలం రాకపోతే రాగినో ఇనుమునో అనుమానించాలి. ఏసీ కాయిల్ నుంచి రాగి దిగవచ్చు, మిల్లులో ఇత్తడి ట్యూబుల నుంచీ దిగవచ్చు. బఫర్‌కు ముందు కాస్త హైడ్రాక్సిలమైన్ హైడ్రోక్లోరైడ్ వేస్తే ఇనుము చిక్కు సాధారణంగా తీరుతుంది. రాగికి సోడియం సల్ఫైడ్ ద్రావణం కావాలి.

ఇప్పుడు ఏసీ నీళ్లు. బఫర్, సూచిక వేయగానే నేరుగా నీలం రావాలి. వస్తే టైట్రేషనే అక్కర్లేదు, కఠినత్వం సున్నా. మిల్లులో షిఫ్టు కెమిస్టు ఫీడ్ వాటర్‌ను ముందుగా చూసేది ఇలాగే. ఎరుపు కనబడితే 100 మి.లీ. తీసుకుని టైట్రేట్ చేయాలి. బ్యూరెట్ చుక్క సుమారు 0.05 మి.లీ., అంటే 100 మి.లీ. శాంపిల్‌లో అర పీపీఎం. అంతకంటే సన్నని తేడాలు చెప్పాలంటే మైక్రో బ్యూరెట్ కావాలి.

చక్కెర జాడ

దీనికి ఆల్ఫా నాఫ్థాల్ పరీక్ష, మీ పుస్తకాల్లో మోలిష్ పరీక్ష పేరుతో ఉంటుంది. ఆల్కహాల్‌లో 5 శాతం నాఫ్థాల్ ద్రావణం చేసి గోధుమరంగు సీసాలో పెట్టండి. పాతబడి రంగు తిరిగితే పారబోసి కొత్తది చేసుకోండి. టెస్ట్ ట్యూబులో 2 మి.లీ. శాంపిల్, నాలుగైదు చుక్కల నాఫ్థాల్ వేసి కలపండి. ట్యూబు వంచి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. గోడ వెంట జారనివ్వండి. ఆమ్లం అడుగుకు చేరుతుంది. రెండూ కలిసే చోట ఊదారంగు వలయం వస్తే చక్కెర ఉన్నట్టు. ట్యూబును ఊపకూడదు. పసుపో ఆకుపచ్చో కనబడితే అది నాఫ్థాల్ రంగు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

కన్ను అలవాటు పడటానికి ఒక వరస చేసుకోవాలి. గ్రాము చక్కెర లీటరులో కరిగిస్తే 1000 పీపీఎం. అందులో 10 మి.లీ. తీసి 100 చేస్తే 100 పీపీఎం. మళ్లీ అలాగే చేస్తే 10. పక్కన ఉత్త డిస్టిల్డ్ వాటర్ ఒకటి. నాలుగు ట్యూబుల్లో వలయాలు వరసగా చూసి, ఫొటోలు తీసి దాచుకోండి. మిల్లులో అంకె చెప్పమని అడిగేవారుండరు. వలయం చూసి ‘జాడ ఉంది’, ‘బాగా ఉంది’ అని చెప్పగలగాలి, అదీ కండెన్సేట్ పంపు ఆపాలా వద్దా తేల్చేంత వేగంగా.

ఈ పరీక్ష చక్కెరకే పరిమితం కాదు, సెల్యులోజ్‌కూ వలయం ఇస్తుంది. ఫిల్టర్ పేపర్ నూగు, చేతిగుడ్డ పీచు, మిల్లులో గాలినిండా తిరిగే చెరకు పిప్పి దుమ్ము, ఏది పడినా ఊదా వస్తుంది. ట్యూబులు బోర్లించి పెట్టుకోండి, గుడ్డతో తుడవకండి, ప్రతిసారీ బ్లాంక్ (శాంపిల్ బదులు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో అదే పరీక్ష) నడపండి. బ్లాంక్‌లోనే వలయం వస్తే ఆ పూట ఫలితాలు చెల్లవు.

మన దగ్గర చాలా ఇళ్లలో ఉండే టీడీఎస్ పెన్నుతో (నీళ్లలో కరిగిన లవణాలను అంకెలో చూపే మీటరు) చక్కెర జాడను పట్టేయొచ్చా అని కొందరికి అనిపిస్తుంది. మీరే చూడండి. మూడు గ్లాసుల ఆర్వో నీళ్లలో ఒకదాంట్లో చెంచాడు చక్కెర, ఒకదాంట్లో చెంచాడు బెల్లం, ఒకదాంట్లో చిటికెడు ఉప్పు కలపండి. ఉప్పుకు అంకె ఎగురుతుంది, బెల్లానికి లేస్తుంది, చక్కెరకు దాదాపు కదలదు. చక్కెర అయాన్లుగా విడిపోదు, పెన్ను చూసేది అయాన్లనే. మిల్లులో కండక్టివిటీ మీటరు పట్టేది కూడా రసంతో వచ్చే లవణాలనే.

రెండూ కలిపి చదవడం

రసంలో చక్కెర 13 శాతం అనుకుందాం, అంటే సుమారు 1,30,000 పీపీఎం. వెయ్యి లీటర్ల కండెన్సేట్‌లో ఒక్క లీటరు రసం పడితే చక్కెర 130 పీపీఎం, వలయం స్పష్టంగా కనబడుతుంది. అదే రసంలో కఠినత్వం వెయ్యి పీపీఎం ఉందనుకున్నా, కండెన్సేట్‌కు చేరేది ఒక్క పీపీఎం. రసం లీకైతే చక్కెర ముందు దొరుకుతుంది, కఠినత్వం దొరికీ దొరకనట్టుంటుంది. బోరు నీళ్లయితే ఎంత కలిసినా వలయం రాదు. 460 పీపీఎం నీళ్లు నూటికి ఒక్క లీటరు కలిస్తే 4.6 పీపీఎం కఠినత్వం, 100 మి.లీ. శాంపిల్‌కు ఈడీటీఏ 0.46 మి.లీ.

కాబట్టి వలయం ఉండి నీలం నేరుగా వస్తే ఇవాపరేటర్ వైపు వెళ్లండి: ట్యూబు చిల్లి, లేదా రసం పొంగి ఆవిరితో ఎగరడం. ఆ కండెన్సేట్‌ను ఫీడ్ ట్యాంకు నుంచి మళ్లించి ప్రాసెస్‌కు పంపమని చెప్పి, ఆ తర్వాతే కారణం వెతకాలి. వలయం లేకుండా ఎరుపు వస్తే సాఫ్టెనర్ రీజనరేషన్ (ఉప్పునీళ్లతో దాని శక్తిని తిరిగి తేవడం) గడువు మించిపోయిందా, ముడి నీళ్ల వాల్వు పూర్తిగా మూసుకోలేదా చూడాలి. రెండూ ఉంటే తొందరపడి రసం మీద తోసేయకండి. కఠినత్వం 5 పీపీఎం రసం వల్లే వచ్చి ఉంటే, పై లెక్క ప్రకారం చక్కెర 650 దాకా ఉండాలి, వలయం చిక్కగా ఉండాలి. పలచని వలయంతో 5 పీపీఎం వచ్చిందంటే లీకులు రెండు.

సాధన

1. మీ నాలుగు సీసాలకు కఠినత్వం చూడండి. బోరు నీళ్లను ఇంకోసారి పావుగంట మరిగించి, చల్లార్చి, వడకట్టి, ఇగిరిన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ చూడండి. తగ్గినది తాత్కాలికం, మిగిలినది శాశ్వతం.

2. అదే 25 మి.లీ. బోరు నీళ్లకు సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 12 దాటించి, మ్యూరెక్సైడ్ సూచికతో 7 మి.లీ. ఈడీటీఏ పట్టిందనుకోండి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా పక్కకు పోతుంది కనుక ఇది కాల్షియం వాటా. మొత్తం 460లో మెగ్నీషియం వాటా ఎంత?

3. ఫీడ్ ట్యాంకు శాంపిల్ 100 మి.లీ.కి 0.6 మి.లీ. ఈడీటీఏ పట్టింది, వలయం లేదు. కలిసింది 460 పీపీఎం ముడి నీళ్లయితే వాటి శాతం ఎంత? మొదట ఏ వాల్వు దగ్గరికి వెళ్తారు?

జవాబులు ఐదో పాఠం మొదట్లో ఉంటాయి. దానికి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్ సిద్ధం చేసుకోండి. ఆల్కలినిటీ చూస్తాం.