వానాకాలంలో పక్కకు జరిగిన గురి

విశాఖలో వానలు మొదలైతే గాలంతా తేమే. నా టార్గెట్ షూటింగ్ తుపాకీ పాయింట్ ట్వంటీటూ (.22 అంగుళాల గుండు) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి గుండుకీ బోల్ట్ అనే కడ్డీని చేత్తో లాగి మూయాలి. దానికి వాల్‌నట్ కర్ర స్టాక్, అంటే బ్యారెల్ కూర్చునే, భుజానికి ఆనించే చెక్క భాగం. ఎండాకాలమంతా ఒకచోట పడిన గుళ్లు కుడివైపుకు చెదరడం మొదలైంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే, కాస్త జరిగినా టెన్షనే.

గురి చూసే సైట్ మార్చమన్నవాళ్లున్నారు, గుళ్ల బ్రాండ్ మార్చమన్నవాళ్లున్నారు. నాకెందుకో స్టాక్ మీదే అనుమానం. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, బ్యారెల్‌కీ (గుండు బయటికొచ్చే గొట్టం) స్టాక్‌కీ మధ్య కాగితం దూర్చి వెనక్కి లాగాను. సగం దాకా సాఫీగా వచ్చి, ఎడమపక్క ఇరుక్కుపోయింది. తేమకు కర్ర ఉబ్బి బ్యారెల్‌ని నెడుతోందన్నమాట! పేల్చినప్పుడు బ్యారెల్ వణుకుతుంది. ఆ వణుకు ప్రతిసారీ ఒకేలా ఉంటేనే గుళ్లు ఒకచోట పడతాయి.

మరమ్మతు లైసెన్సున్న గన్‌స్మిత్‌తోనే చేయించాను, ఇది ఆయుధాల చట్టం కిందికొచ్చే వ్యవహారం. ఆయన గుండ్రటి చెక్కకు శాండ్ పేపర్ చుట్టి, తగులుతున్న చోట మాత్రమే కొద్దికొద్దిగా అరగదీశారు. పచ్చిగా బయటపడ్డ కర్రకు వార్నిష్ పట్టించారు, లేదంటే మళ్లీ తేమ పీలుస్తుంది. స్టాక్ స్క్రూలు చేతి అంచనాతో కాకుండా ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించారు.

ఇప్పుడు కాగితం రిసీవర్ (బ్యారెల్ వెనక కొస బిగించి ఉండే భాగం) దాకా ఆగకుండా వెళ్తోంది, గుళ్లూ దగ్గరకొచ్చాయి. సైట్ సెట్టింగ్ మాత్రం మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది.