వాగులో పట్టిన చేపకు పెల్లెట్లు తినడం నేర్పించేదెలా?

చెరువులోనో వాగులోనో పట్టిన చేపల్ని తెచ్చి ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కలు పెంచే పద్ధతి) ట్యాంకులో వదిలేసి, గుప్పెడు పెల్లెట్లు (గుళికల మేత) చల్లి, "ముట్టుకోవడం లేదండీ" అని వాపోయేవాళ్లు చాలామంది. ఎలా ముట్టుకుంటాయి? కదిలేదే తిండి అన్నది వాటికి పుట్టినప్పటి నుంచి ఉన్న లెక్క. నీళ్లమీద తేలే గోధుమరంగు గుళిక వాటి కంటికి పుల్లముక్క. తిలాపియా లాంటివి త్వరగానే దారికొస్తాయి. కొర్రమీను లాంటి వేటచేపలతోనే అసలు పని.

కావలసినవి

కనీసం 100 లీటర్ల విడి తొట్టి, ఎయిర్ పంప్, తొట్టి మీద కప్పడానికి వల, చిన్న చేతివల, అమ్మోనియా టెస్ట్ కిట్, వానపాములు, పెల్లెట్లు. వేటచేపలకైతే 40 శాతానికి తగ్గకుండా ప్రోటీన్ ఉన్న పెల్లెట్లే కొనండి. ఆ చేపను పట్టి పెంచుకోవడానికి మీ దగ్గర అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

చేపల్ని ఎంచుకోవడం, తొట్టిలో వేయడం

రెండు మూడు అంగుళాల పిల్లల్నే తీసుకోండి. పెద్ద చేప అలవాటు మార్చుకోవడం చాలా కష్టం. అన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. తెచ్చిన సంచిని 20 నిమిషాలు తొట్టి నీళ్లలో తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా సంచిలో కలిపి, అప్పుడు వదలండి.

నేరుగా మెయిన్ ట్యాంకులో మాత్రం వేయకండి. బయటి చేపతో పరాన్నజీవులు వస్తాయి. వాటికి వాడే ఉప్పు, మందులు మొక్కలకూ, నీళ్లను శుభ్రం చేసే బయోఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకూ చేటు చేయొచ్చు. కనీసం మూడు వారాలు విడి తొట్టే. శిక్షణ కూడా అక్కడే అయిపోతుంది.

మొదటి రెండు రోజులు మేత వేయొద్దు, చుట్టూ అలికిడి ఉండకూడదు. మూడో రోజు నుంచి సాయంత్రం ఒకే వేళకు, ఒకే మూలలో వానపాము ముక్కలు వేయండి. మీరు ఎదురుగా ఉన్నా బెదరకుండా తినేదాకా పెల్లెట్ల మాట ఎత్తొద్దు.

పెల్లెట్లకు మార్చడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

వానపాముల్ని సన్నగా తరిగి, ఆ రసంలో పెల్లెట్లను పది నిమిషాలు నానబెట్టండి. వేళ్ల మధ్య నొక్కితే అణగాలి, పిండి కాకూడదు. మొదట్లో మూడు వంతులు వానపాములు, ఒక వంతు పెల్లెట్లు. గుప్పెడు చల్లడం కాదు, ఒక్కొక్కటే జారవిడవాలి: ముక్క, ముక్క, ఆ వెంటనే పెల్లెట్. వేటచేప కిందికి దిగుతున్నదాన్ని చూసి దూకుతుంది. అడుగున పడి కదలకుండా ఉన్నదాన్ని పట్టించుకోదు. అందుకే ఈ దశలో తేలే పెల్లెట్లు పనికిరావు, మునిగేవే వాడాలి.

చేప పెల్లెట్‌ను నోట్లోకి లాక్కుంటుంది, ఒక్క క్షణం ఆగి ఉమ్మేస్తుంది. చాలామంది అది చూసి టెన్షన్ పడి, అయ్యో పాపమని వానపాము వేసేస్తారు. దాంతో ఉమ్మేస్తే మంచి తిండి దొరుకుతుందని చేపకు మీరే నేర్పినట్టు. నిజానికి ఉమ్మడం మంచి గుర్తు: అది తిండేమోనన్న అనుమానం దానికి వచ్చింది. పది లెక్కపెట్టి మళ్లీ పెల్లెట్టే వేయండి. రెండుసార్లు, మూడుసార్లు ఉమ్మిన చేపే ఒకరోజు మింగేస్తుంది.

సగానికి పైగా చేపలు మింగుతున్నాయంటేనే పెల్లెట్ల వాటా పెంచాలి: సగం, తర్వాత ముప్పావు, తర్వాత నానబెట్టినవే పూర్తిగా, చివరికి పొడివి. ఒక్కో మెట్టుకు మూడు నాలుగు రోజులు పడుతుంది. తినడం తగ్గితే ఒక మెట్టు వెనక్కి రండి.

పది రోజులు పస్తు పెడితే అవే తింటాయనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. బలమైనవి నిలబడతాయి, మిగతావి జబ్బు పడతాయి, లేదా పక్కదాన్ని కొరుకుతాయి. ఆకలి కావాలి, నీరసం కాదు. ఒక పూట మానేస్తే చాలు. పొట్ట లోపలికి పోయి, ఒంటికన్నా తల పెద్దగా కనిపిస్తే వెంటనే వానపాములు పెట్టండి.

పెల్లెట్లు తినే చేప ఒకటి అదే సైజులో దొరికితే తొట్టిలో కలపండి. దాన్ని చూసి మిగతావి ఎగబడతాయి. శిక్షణ అయ్యేదాకా దాన్ని మెయిన్ ట్యాంకులోకి తిరిగి వేయొద్దు.

మిగిలిన మేతను 15 నిమిషాల్లో తీసేయాలి. నానిన పెల్లెట్ ఇట్టే కరిగి అమ్మోనియా పెంచుతుంది. ఒకసారి అలసిపోయి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, రెండు చనిపోయాయి. అప్పటి నుంచి రోజూ టెస్ట్ చేసి, క్లోరిన్ లేని నీళ్లతో పావు వంతు మారుస్తున్నాను.

మెయిన్ ట్యాంకులోకి

వారం పాటు పొడి పెల్లెట్లు తిన్న చేపల్నే, అదీ ఏ జబ్బూ లేదనుకున్నాకే మార్చండి. కొత్తచోట ఒకట్రెండు రోజులు తినవు. కంగారుపడి వానపాములు వేయకండి. అదే వేళకు, ఒకే మూలలో, నానబెట్టిన పెల్లెట్లతో మొదలుపెట్టండి.