సామాను దించకముందే గది చూడండి

పోయిన నెల మా బావమరిది ఆసుపత్రి పని మీద వాళ్ళమ్మని తీసుకుని హైదరాబాద్ వచ్చి స్టేషన్ దగ్గర ఏదో లాడ్జిలో దిగాడు. రాత్రి రెండున్నరకి కింద మీటర్ బోర్డు అంటుకుంది. మంట పెద్దదేం కాదు, వాచ్‌మన్ ఇసక బకెట్లతోనే ఆర్పేశాడు, కానీ పొగ మాత్రం మెట్ల మీదుగా మూడో అంతస్తు దాకా ఎక్కేసింది. వీళ్ళ గదికి కిటికీ ఉంది, తెరిస్తే జానెడు సందు, దాని అవతల పక్క బిల్డింగ్ గోడ. వెనక మెట్లు ఉన్నాయని ఎవరో అరిస్తే అటు పరిగెత్తారు. అక్కడ పాత పరుపులు నిలువునా పేర్చి ఉన్నాయట, పరుపుల వెనక షట్టరు, షట్టరుకి తాళం, తాళంచెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ ఇంట్లో. మా అత్తయ్యకి అసలే ఆయాసం. చీర కొంగు తడిపి ముక్కుకి అడ్డం పెట్టుకుని బాత్‌రూమ్ గడప మీద ఇరవై నిమిషాలు కూర్చుందట పాపం. ఎవరికీ ఏం కాలేదు, అదృష్టం.

నేను వాణ్ణి అడిగిన మొదటి మాట, "గది చూసే దిగావా?" అని. "సామాను పైకి పంపించేశారు బావా, అడ్వాన్స్ కూడా కట్టేశా, ఇంక చూసేదేముంది" అన్నాడు.

నేను రాసేదంతా ఈ ఒక్క ముక్క గురించే. మందుల కంపెనీలో రెప్‌గా పదమూడేళ్ళు తిరిగా, నెలలో పదిహేను రాత్రులు బయటే, ఐదొందల గదిలో పడుకున్నా, కంపెనీ మీటింగ్ పేరు చెప్పి స్టార్ హోటల్లోనూ పడుకున్నా. నల్లులు, నీళ్ళు రాకపోవడం, బిల్లులో మోసం, ఇవన్నీ ఎవరైనా చెప్తారు. మనుషుల్ని నిజంగా ముంచేది మాత్రం సామాను దించాక గది చూడటం. ఎందుకంటే సామాను పైకెళ్ళాక మనం కిందికి రాం. పిల్లాడు ఏడుస్తుంటాడు, పెద్దావిడ కాళ్ళు నొప్పులంటుంది, ఆటో వాడు వెళ్ళిపోయాడు, డబ్బులు కట్టేశాం, ఒక్క రాత్రేగా అనుకుంటాం. ఆ "ఒక్క రాత్రేగా" అన్నమాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, నేనూ అన్నా.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ పాస్‌పోర్ట్ ఆఫీస్ దగ్గర జరిగింది గుర్తుందా, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటల్, కింద మంట లేస్తే పైన దిగినవాళ్ళలో 8 మంది పోయారు, కొందరు కిటికీల్లోంచి దూకారు. 2020 ఆగస్టు 9 విజయవాడ, కోవిడ్ సెంటర్‌గా వాడుతున్న హోటల్, 10 మంది. 2019 ఫిబ్రవరి 12 ఢిల్లీ కరోల్ బాగ్, 17 మంది. 2025 ఏప్రిల్ 29 కోల్‌కతా బడాబజార్ దగ్గర, 14 మంది. ఇలాంటి చోట్ల చాలామందిని చంపేది మంట కాదు, పొగ. మంట కింద ఎక్కడో ఉంటుంది, పొగకి మాత్రం మెట్లదారి, లిఫ్ట్ గొయ్యి పొగగొట్టంలా పనికొస్తాయి, నిద్రలో ఉన్న మనిషికి మెలకువ వచ్చేసరికి కారిడార్‌లో బల్బు కూడా కనబడదు. అప్పుడు రెండో దారి ఎక్కడుందో వెతుక్కోవడం అయ్యే పని కాదు, అది ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఎండాకాలం ముందుంది, ప్రతి లాడ్జిలో ఏసీలన్నీ ఒకేసారి నడుస్తాయి, వైరింగ్ మాత్రం ఎప్పుడో ఫ్యాన్ల కోసం వేసింది. పైగా ఎంట్రన్స్ పరీక్షలు, పెళ్ళిళ్ళు, సెలవులు, గదులు దొరకవు, దొరికిందే చాలనుకుని దిగిపోతాం. అందుకే ఇప్పుడే చెప్తున్నా.

పద్ధతి ఇది. ఇద్దరున్నారా, ఒకరు రిసెప్షన్‌లో సామాను దగ్గర కూర్చోండి, ఇంకొకరు బాయ్‌తో పైకెళ్ళండి. ఒక్కరే అయితే బ్యాగు భుజానే ఉంచండి, మంచం మీద పెట్టొద్దు, నవ్వుతూనే చెప్తున్నా కానీ నిజం, బ్యాగు మంచమెక్కిందంటే మీరు దిగిపోయినట్టే. గది చూపించండి, నచ్చితే కడతా అనండి. చూపించం అంటే పక్క లాడ్జికి నడవండి. పైన మూడు నిమిషాల పని. కారిడార్ చివరిదాకా నడిచి రెండో మెట్లు ఉన్నాయా చూడండి, ఉంటే తలుపు చేత్తో తోయండి, బోర్డు చూసి వచ్చేయొద్దు, ఆకుపచ్చ బోర్డు మా బావమరిది లాడ్జిలోనూ వెలుగుతూనే ఉంది. తర్వాత గదిలో కిటికీ తెరవండి, తెరుచుకుంటుందా, గ్రిల్ ఉందా, ఉంటే తీసే వీలుందా, బయట రోడ్డు కనబడుతుందా గోడా. తర్వాత తలుపు గడియ లోపలి నుంచి పడుతుందా. అప్పుడు కావాలంటే కుళాయి తిప్పుకోండి.

ఇక బడ్జెట్ సంగతి. రేట్లు నేను కట్టినవాటిని బట్టి చెప్తున్నా, పండగకీ సీజన్‌కీ మారిపోతాయి.

ఐదారొందల లోపు అయితే నా ఓటు ముందు రైల్వే రిటైరింగ్ రూములకి, డార్మిటరీకి. టికెట్ కన్ఫర్మ్ అయినా ఆర్ఏసీ అయినా పీఎన్ఆర్ కొట్టి ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. ముందే అయిపోతాయి, అదొక్కటే బాధ. ఆ తర్వాత హాస్టళ్ళు. మనకి హాస్టల్ అంటే రెండు అర్థాలు కదా, ఒకటి అమీర్‌పేట, కేపీహెచ్‌బీ టైపు పీజీ, రోజు లెక్కన కూడా ఇస్తారు, ఇంకోటి తిరగడానికి వచ్చినవాళ్ళ బంక్ బెడ్ల హాస్టల్. రెండోదాంట్లో లాకర్ ఉంటుంది, తాళం మీదే పట్టుకెళ్ళండి, కొన్నిచోట్ల లోకల్ ఆధార్ ఉంటే బెడ్ ఇవ్వరు, ముందే అడగండి. పీజీల్లో ఇంకో ప్రమాదం, బాత్‌రూమ్‌లోనే గ్యాస్ గీజర్. తలుపు, వెంటిలేటర్ మూసి స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, వాసన ఉండదు, తల తిరిగినట్టనిపించేలోపే పడిపోతారు. గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల ఉంటే ఆ హాస్టల్ వద్దు. చన్నీళ్ళతో పోసుకుంటా అని సర్దుకోవద్దు, పక్కవాడు పోసుకుంటాడు కదా.

ఎనిమిదొందల నుంచి రెండు వేల దాకా, అదే మనలాంటివాళ్ళం ఎక్కువ దిగేది, ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ. ఒకప్పటి పెద్ద గదిని ప్లైవుడ్‌తో రెండు చేసి, కిటికీ ఒకదాని వైపు పోతే, కిటికీ లేని రెండోదానికి ఏసీ పెట్టి "ఏసీ రూమ్ సార్" అంటారు. కిటికీ లేని ఏసీ గది రెండొందలు తక్కువకి వస్తుంది, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. లోపలికెళ్ళే ముందు రోడ్డు మీద నిలబడి కింద ఏముందో చూడండి, పరుపుల షాపా, టైర్లా, స్కూటర్లు చార్జింగ్‌కి పెట్టే సెల్లారా, టిఫిన్ సెంటర్ సిలిండర్లు మెట్ల కిందే పెట్టుకున్నాడా. అవి ఉంటే గది ఎంత బాగున్నా నేను దిగను. రెండో అంతస్తో మూడోదో అడగండి, పైకెళ్ళేకొద్దీ నిచ్చెన అందదు. ఈ రకం లాడ్జిల్లో చాలావాటికి 24 గంటల చెకౌట్, అది మనకి లాభం, తెల్లారి నాలుగింటికి రైలు దిగినవాడికి మధ్యాహ్నం పన్నెండింటికి చెకౌట్ పెట్టే హోటల్లో రెండు రోజుల బిల్లు పడుతుంది. ఏది ఏ పద్ధతో అడిగి రసీదు మీద టైమ్ వేయించుకోండి.

మూడు వేలు దాటితే అద్దాల బిల్డింగులు. వీటిల్లో కిటికీ తెరుచుకోదు, కాబట్టి పైకప్పుకి పొగ డిటెక్టర్, మంటొస్తే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ ఉండాలి. డిటెక్టర్‌కి ప్లాస్టిక్ మూత అలాగే ఉంచేసిన గదులు నేను చూశా, పెయింట్ వేసేటప్పుడు తొడిగి తీయడం మర్చిపోతారట. తీయించండి. బిల్లు దగ్గర, 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 దాకా గదికి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది, పైవాటికి 18. పాత లెక్క వేస్తే అడగండి. స్టార్ హోటల్ గురించి నేను చెప్పేదేం లేదు, అక్కడ కూడా తలుపు వెనక అంటించిన ఫ్లోర్ ప్లాన్ చూడండి చాలు.

ఆన్‌లైన్‌లో బుక్ చేసేవాళ్ళకి ప్రత్యేకంగా. ఫోటోలు చూసి మొత్తం ముందే కట్టేయడం కూడా సామాను దించేయడమే, తేడా ఏం లేదు. హోటల్లో కట్టే ఆప్షన్, లేదా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది తీసుకోండి, ఓ వంద ఎక్కువైనా సరే. వెళ్ళాక గది బాగోకపోతే వెనక్కి తిరిగే ధైర్యం ఆ వందే ఇస్తుంది. గూగుల్‌లో దొరికిన నంబరుకి ఫోన్ చేసి వాళ్ళు పంపిన క్యూఆర్‌కి కట్టొద్దు. రీఫండ్ రావాలంటే పిన్ కొట్టండి అన్నాడా, దొంగ, డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, గంటల లెక్కలో చేస్తేనే ఆపగలరు.

ఇక్కడి నుంచి వరసగా చెప్పేస్తా, సర్ది రాసే ఓపిక లేదు.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, మొదటి 8 అంకెలు కనబడవు, ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లోనే వస్తుంది. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు, చాలాచోట్ల తీసుకోరు.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలు, విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు వెంట ఉంటే పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకిచ్చేది) ఉంటే అదీ తప్పకుండా. హోటల్‌వాళ్ళు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, ఆ గొడవెందుకని చిన్న లాడ్జిలు గది లేదనేస్తాయి, రాత్రి పదింటికి రోడ్డు మీద నిలబడకుండా ముందే ఫోన్ చేసి అడగండి.

గది తాళంచెవి ఫోన్ పక్కనే, ప్రతి రాత్రి ఒకే చోట.

మీ గది నుంచి వెనక మెట్ల దాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టండి. పొగలో కళ్ళు పనిచేయవు, గోడ మీద చెయ్యి పనిచేస్తుంది.

పొగొస్తే లిఫ్ట్ ఎక్కొద్దు. తలుపు మీద అరచేయి వెనక వైపు ఆనించండి, వేడిగా ఉంటే తెరవొద్దు. తడి టవల్ తలుపు కింద కుక్కండి, కిటికీ దగ్గరికెళ్ళి ఫైర్‌వాళ్ళ 101కి, ఎమర్జెన్సీ 112కి చేయండి, గది నంబరు, అంతస్తు, ఏ వైపు కిటికీయో చెప్పండి. కదలాల్సి వస్తే నేల మీద పాకండి.

సామాను కోసం వెనక్కి వెళ్ళొద్దు. సర్టిఫికెట్లు ఉన్నాయన్నా వద్దు.

దోమల చుట్ట కర్టెన్ దగ్గర పెట్టొద్దు. కెటిల్, ఏసీ ఒకే ప్లగ్‌లో పెట్టొద్దు. మంచం మీద ఫోన్ చార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

పరుపు మూల ఎత్తి కుట్టు దగ్గర ఫోన్ టార్చి వేయండి, నల్లులుంటే మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటాయి.

మంచానికి ఎదురుగా ఉన్న గడియారం, ప్లగ్, సెట్‌టాప్ బాక్స్ మీద అనవసరపు చిల్లు కనబడితే దాచిన కెమెరా కావచ్చు, గది మార్చండి. వాదించొద్దు, ఫోటో తీసి 112కి చేయండి.

పెద్దవాళ్ళు వెంట ఉంటే రెండో అంతస్తు దాటొద్దు, లిఫ్ట్ ఉందన్నా దాటొద్దు.

అర్ధరాత్రి చేరే రైలు, బస్సు అయితే పగలే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి పెట్టుకోండి. రాత్రి ఒంటిగంటకి చూసే ఓపిక ఉండదు, అప్పుడే సామాను దించేస్తాం.

సామాను దించకముందే గది చూడండి. దించాక కాదు. కట్టాక కాదు.

మా బావమరిది మొన్న మళ్ళీ రిపోర్టుల కోసం వచ్చాడు, ఈసారి వేరే లాడ్జి. వెనక మెట్ల ఫోటో తీసి నాకు పంపి కింద బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఫోటోలో మెట్లు ఖాళీగానే ఉన్నాయి, కింద చివర షట్టరు మాత్రం సగమే కనబడుతోంది. ఫోన్ చేసి, తోసి చూశావా అన్నా. "ఆగు బావా, కిందికి దిగుతున్నా" అన్నాడు.