పొద్దున్నే చేతులు వణుకుతుంటే ముందుగా చూసుకోవలసింది

లక్షణం

నిద్ర లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం, రాత్రి కన్ను మూతపడకపోవడం. ఈ బాధలతో మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి మా డీ-అడిక్షన్ వార్డుకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఊళ్లో ‘నీరసం’ పేరిట రెండు మూడు గ్లూకోజు సీసాలు ఎక్కించుకొని, షుగరు, బీపీ పరీక్షలు కూడా చేయించుకొని ఉంటారు. అసలు చూసుకోవలసినదానికి పైసా ఖర్చు లేదు. చివరిసారి మందో, కల్లో తాగి ఎన్ని గంటలైంది? మళ్లీ కాస్త గొంతులో పడగానే వణుకు తగ్గుతున్నదా? చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకుంటే తప్ప తొణకకుండా తాగలేని మనిషి, ఒక గుక్క పడ్డాక అదే గ్లాసును ఒంటి చేత్తో ఎత్తగలుగుతుంటే, అది నీరసం కానే కాదు, వ్యసనం.

అసలు కారణం

‘నేను మందు ముట్టను, కల్లు ఒక్కటే తాగుతాను’ అనే మాట దగ్గరే ఎక్కువమంది పొరపడతారు, నేనూ పొరపడ్డాను. కాలు విరిగి చేరిన ఒక మేస్త్రీ విషయంలో ‘మందు తాగుతాడా?’ అని అడిగితే, ఆయన భార్య నిజాయితీగానే లేదన్నది. నేను అదే కేస్‌షీటులో రాశాను. మూడో రాత్రి ఆయన కట్టు కాలుతోనే లేచి కూర్చొని, దుప్పటి మీద లేని ఇటుకలను పేరుస్తూ, లేని కూలీని సిమెంటు తెమ్మని కేకలు వేశాడు. రోజుకు ఆరు సీసాల కల్లు తాగేవాడని అప్పుడు తెలిసింది. నాటి నుంచి నేను మందు సంగతి, కల్లు సంగతి వేర్వేరుగా అడుగుతున్నాను, ఆడవాళ్లనూ అడుగుతున్నాను.

చెట్టు నుంచి దింపిన తాటికల్లు, ఈతకల్లు సంగతి వేరు. వాటిలో ఉండేది ఆల్కహాలు మాత్రమే. దుకాణాల్లో దొరికే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుస్తాయి కాబట్టి, కొన్ని నెలలపాటు తాగిన మనిషి తనకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిస అవుతాడు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, పాలమూరు ఆసుపత్రులకు జనం మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో వచ్చారు.

మీకు మీరే తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. పుణెకు కూలికి వెళ్లినప్పుడో, తిరుపతి ప్రయాణంలోనో, అయ్యప్ప మాల వేసుకున్న మొదటి వారంలోనో నిద్ర పట్టక, ఒళ్లు వణికి, ఊరికి తిరిగి వచ్చి తాగగానే అంతా సర్దుకున్నదా? అయితే మారిన నీటిని, ఎండను నిందించకండి. ‘మాల వేసుకొని నలభై ఒక్క రోజులు మానాను కదా’ అన్న ధైర్యమూ చాలదు. ఆ మొదటి వారం ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకోండి.

గంజాయికీ, నిద్రమాత్రలకూ, దగ్గుమందుకూ ఇవే ప్రశ్నలు వేసుకోవచ్చు. థైరాయిడ్ వల్లా, నరాల జబ్బుల వల్లా వణుకు రావచ్చు. ఆ సంగతి డాక్టరు చూసుకుంటారు.

పరిష్కారం

పంతం పట్టి ఇంట్లోనే ఒక్కసారిగా మానవద్దు. మానిన రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, భ్రమలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళితే, మాత్రలు ఇచ్చి వాటి మోతాదును క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ఆ మాత్రలను మీ అంతట మీరు మందుల దుకాణంలో కొనుక్కోవద్దు. గ్లూకోజు పెట్టేవారికి తాగుడు సంగతి దాచకండి, ఎందుకంటే తాగేవారికి దానికంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. ఇంటివాళ్లు అన్నంలో రహస్యంగా మాన్పుడు మందు కలపడం ప్రమాదకరం. ఫిట్స్ వస్తే 108కి, సలహా కావాలంటే 14446కు ఫోన్ చేయండి.

వచ్చేటప్పుడు రోజుకు ఎన్ని సీసాలు, చివరిది ఎప్పుడు తాగారు అన్న రెండు విషయాలను కాగితం మీద రాసుకొని రండి. మూడో రాత్రికి ఆ మాట చెప్పగలిగే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.