ఎం.ఎస్.తో పాటు షుగరూ థైరాయిడూ ఉన్నప్పుడు ఆశ నిలుపుకోవడం ఎలా?

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉందని తెలిసి 11 ఏళ్లయింది. థైరాయిడ్ అంతకు ముందే ఉంది, షుగర్ ఆ తర్వాత వచ్చింది. "ధైర్యంగా ఉండు" అని చెప్పనివారు లేరు. ఎలా ఉండాలో చెప్పినవారు మాత్రం ఇద్దరో ముగ్గురో. ఒంట్లోని బాధలన్నీ ఒకే ముద్దగా కలిసిపోయి కనిపించిన రోజుల్లోనే నా ఆశ జారిపోయేది. ఏది దేనివల్ల వస్తోందో విడదీసి, ఒక్కోదానికి ఏం చేయవచ్చో చూసుకున్నప్పుడు తిరిగి వచ్చేది. అందుకని ఇక్కడ ఎక్కువగా ఆ విడదీసే పని గురించే చెబుతాను.

1. జబ్బును ఈ కాలపు వైద్యంతో కలిపి తెలుసుకోండి

మెదడులోనూ వెన్నుపాములోనూ కంటి నరాల్లోనూ నరపు పోగులను కప్పి ఉంచే పొర పేరు మైలిన్. ఒంటికి కాపలా కాయవలసిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి ఆ పొరను దెబ్బతీయడం ఎం.ఎస్. ఫ్రాన్స్ వైద్యుడు షార్కో 1868లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించారు. ఆ తర్వాత 125 ఏళ్ల పాటు దీని నడకను మార్చే మందంటూ ఒక్కటీ లేదు. 1993లో అమెరికాలో బీటా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది. 2010లో నోటితో వేసుకునే తొలి మందు వచ్చింది. మొదటి నుంచీ నెమ్మదిగా ముదురుతూ పోయే రకానికి కూడా 2017లో ఒక మందు దొరికింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక ఔషధాల జాబితాలో తొలిసారిగా ఎం.ఎస్. కోసం మూడు మందులను చేర్చింది.

ఈ సంవత్సరాలు గుర్తుపెట్టుకోమని చెప్పడానికి కారణం ఉంది. "మా దూరపు బంధువు ఒకావిడ ఇదే జబ్బుతో మంచాన పడింది" అనే కథ మీ చెవిన పడకుండా ఉండదు. ఆమెకు జబ్బు ఏ సంవత్సరంలో వచ్చిందో అడగండి. 1980ల్లో అయితే ఆమె మందు లేని కాలపు మనిషి. ఆమె బాధ నిజమే కానీ, అది మీ జాతకం కాదు. ఎం.ఎస్. వచ్చిన ప్రతివారూ చక్రాల కుర్చీకి చేరరు. దాదాపు 85 శాతం మందిలో ఇది మొదట్లో వచ్చి తగ్గుతూ ఉండే రకమే. మీది ఏ రకమో నరాల డాక్టరును అడిగి తెలుసుకోండి.

2. ఒక నోటు పుస్తకం పెట్టి బాధలను విడదీయండి

మిగిలినవన్నీ వదిలేసినా ఇది మాత్రం వదలకండి. తిమ్మిరి, నీరసం, చూపు మసక, తూలడం, ఏది వచ్చినా తేదీ, ఎంతసేపు ఉంది, ఆ రోజు ఎండ ఎంత, జ్వరం ఉందా, నిద్ర పట్టిందా అని రెండు ముక్కలు రాయండి. మూడు నెలలు గడిచాక తిరగేస్తే ఆ రాతలో మీకే ఒక దారి కనిపిస్తుంది.

కొత్త లక్షణం వచ్చి, జ్వరమూ ఇన్ఫెక్షనూ లేకుండా 24 గంటలు దాటి నిలిచి ఉంటే అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు. డాక్టరుకు వెంటనే ఫోను చేయాలి. పాత లక్షణమే తిరిగి ముదిరినట్లు అనిపిస్తే ముందు వేరే కారణాలు వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా కాళ్లు బరువెక్కి జబ్బు ముదిరిందేమో అనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ తగ్గగానే కాళ్లూ తేలికపడతాయి.

ఎండ సంగతి మన ప్రాంతం వారికి మరీ ముఖ్యం. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా, పొర దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు తడబడతాయి. ఒళ్లు అలిసినప్పుడు రోగుల చూపు మసకబారి, కాసేపటికి తిరిగి మామూలు కావడాన్ని జర్మనీ కంటి వైద్యుడు ఉట్‌హాఫ్ 1890లోనే గమనించారు. వేడి వల్ల కొత్తగా నరం చెడదు. చల్లబడితే చూపు, నడక యథాస్థితికి వస్తాయి. ఈ ఒక్క విషయం తెలియక నేను నా మొదటి వేసవి అంతా ఏడుస్తూ గడిపాను. ప్రపంచ ఎం.ఎస్. దినం మే 30న వస్తుంది, అంటే సరిగ్గా రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో. ఆ రోజుల్లో బయటి పనులు ఉదయం తొమ్మిది లోపే ముగించండి. మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకోండి. చల్లటి మజ్జిగ దగ్గర పెట్టుకోండి. వేణ్ణీళ్ల స్నానం మానేయండి.

ఇక మిగతా జబ్బుల సంగతి. ఎం.ఎస్. ఉన్నవారు ప్రతి బాధనూ దాని ఖాతాలోనే వేసేస్తారు. ఒక్కోసారి డాక్టర్లూ అలాగే అనుకుంటారు. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, రక్తం తక్కువైనా నీరసం వస్తుంది. బి12 లోపిస్తే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ముఖ్యంగా శాకాహారులు ఇది చూసుకోవాలి. షుగర్ అదుపు తప్పితే పాదాలు మండుతాయి. వీటన్నింటికీ రక్తపరీక్ష ఉంది, మందు ఉంది. నా నీరసంలో పెద్ద వాటా థైరాయిడ్‌దని తేలిన రోజు నాకు ఎంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను.

రెండు జాగ్రత్తలు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్లు షుగర్‌ను బాగా పెంచుతాయి. స్టెరాయిడ్ ఎక్కించే సెలైన్ పెట్టకముందే మీకు షుగర్ ఉందని చెప్పి, ఆ రోజుల్లో ఎన్నిసార్లు పరీక్షించుకోవాలో అడగండి. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలవు. రక్తం ఇచ్చే ముందు ల్యాబులో ఆ సంగతి చెప్పండి. మీరు వాడే మందులన్నీ ఒకే కాగితం మీద రాసి ప్రతి డాక్టరుకూ అదే చూపించండి.

3. ఒంట్లో ఉన్న శక్తిని నెల జీతంలా ఖర్చుపెట్టండి

ఎం.ఎస్. నీరసం నిద్రపోతే తీరే అలసటలాంటిది కాదు. ఉదయం లేస్తూనే రోజంతా పని చేసినట్లు ఉండవచ్చు. ముందుగా అద్దె, పాలు, ఫీజులకు తీసి పెట్టినట్లు, ఆ రోజు తప్పనిసరి పనులు రెండు ఎంచుకుని వాటికే శక్తి దాచండి. కూరగాయలు ఎత్తు స్టూలు మీద కూర్చుని తరగండి. మధ్యాహ్నం అరగంట పడుకోవడానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు. కదలకుండా ఉండమని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడు వైద్యులు వ్యాయామం చేయమంటున్నారు. చల్లని వేళలో పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, ఫిజియోథెరపిస్టు చెప్పిన మేరకు పెంచండి.

4. రేపటికి ఒక పని, రెండు నెలల తర్వాతకు ఒక పని పెట్టుకోండి

పాత మీతో ఇప్పటి మిమ్మల్ని పోల్చుకుంటే రోజూ ఓటమే. పోలిక కావాలంటే గత నెల పేజీతో పోల్చుకోండి. కుండీలో ఒక బచ్చలి తీగ పెట్టండి. దానికి రోజూ నీళ్లు కావాలి, ఎదుగుదల కళ్ల ముందే తెలుస్తుంది, కొన్ని వారాలకు కూర చేతికి వస్తుంది. కింద కూర్చుని ముగ్గు పెట్టలేకపోతే బల్ల మీద పలక పెట్టుకుని వేయండి. నాకు చేతివేళ్లు మొద్దుబారి కుట్టుపని పోయింది. దాని కోసం చాలాకాలం దుఃఖపడ్డాను, దుఃఖపడటం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఇప్పుడు పక్కింటి పిల్లలకు సాయంత్రం తెలుగు చదవడం నేర్పుతున్నాను. వాళ్లు రేపు వస్తారన్న సంగతే నాకు రేపటిని గుర్తుచేస్తుంది.

5. మనసు కుంగితే దానికీ వైద్యం చేయించండి

ఎం.ఎస్.లో కుంగుబాటు చాలా ఎక్కువ. మెదడులో జరిగే మార్పులూ దానికి ఒక కారణం. కాబట్టి అది మీ పిరికితనం వల్ల వచ్చింది కాదు. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోతే నరాల డాక్టరుతోనే ఆ మాట అనండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఇంట్లో చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. డబ్బు కట్టనక్కరలేదు.

6. ఇంట్లోవారికి కచ్చితమైన మాట చెప్పండి

"బాగానే కనిపిస్తున్నావు కదా" అన్న మాట మనకు బాణంలా తగులుతుంది. తిమ్మిరి, నీరసం బయటికి కనిపించవు మరి. "నా బాధ మీకు అర్థం కాదు" అంటే ఇంట్లోవారు ఏం చేయాలో తెలియక నిలబడిపోతారు. "ఏమండీ, ఈ రోజు కాళ్లు ముందే అలిసిపోయాయి, బట్టలు మీరు ఆరేయండి" అంటే పని జరుగుతుంది. పసరు మందు మింగి ఇంజెక్షన్ మానేయమని పెద్దవాళ్లు చెబితే, "అత్తయ్యా, మీరు నా మంచికే చెబుతున్నారు. మందు ఆపకుండా ఉండటమే ఇప్పుడు నాకు మంచిది" అనండి. కొన్ని ఎం.ఎస్. మందులు ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు మునుపటి కంటే తీవ్రంగా తిరగబెట్టవచ్చు.

పెళ్లి కాని అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అందులోనూ ఆడవారికి ఎక్కువగా వస్తుంది కనుక ఈ దిగులు చాలా ఇళ్లలో ఉంది. తల్లికి ఎం.ఎస్. ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు పాళ్లే. 254 మంది స్త్రీలను గమనించిన ఐరోపా అధ్యయనం 1998లో వెలువడింది. గర్భం చివరి నెలల్లో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిందని, కాన్పు తర్వాత మూడు నెలలు పెరిగిందని అందులో తేలింది. గర్భానికి ముందే మానవలసిన మందులు కొన్ని ఉన్నాయి. కాబట్టి డాక్టరుతో ముందుగా మాట్లాడి నిర్ణయించుకోవాలి.

7. కాగితాలు సిద్ధం చేసుకోండి

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినప్పుడు గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఎం.ఎస్. ఒకటి. 1995 నాటి చట్టంలో ఉన్నవి ఏడు రకాలే. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం పరీక్షకు వెళ్లేటప్పుడు ఎమ్మారై రిపోర్టులతో పాటు, బయటికి కనిపించని ఇబ్బందులను వివరిస్తూ నరాల డాక్టరు రాసిన ఉత్తరం కూడా పట్టుకెళ్లండి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉందని తేలితే దొరికే సదుపాయాలు ఎక్కువ. 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోనూ శాఖ ఉంది. ఇదే జబ్బుతో ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషితో ఒక్క గంట మాట్లాడి చూడండి.

8. మంచి రోజున చెడ్డ రోజుకు చీటీ రాసిపెట్టండి

ఒళ్లు తేలికగా ఉన్న రోజున, మీ చేతిరాతతో, మీకు మీరే రాసుకోవాలి. నాది బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంది:

"ముందు జ్వరం చూసుకో. షుగర్ చూసుకో. ఫ్యాను కింద తడి తువ్వాలు వేసుకుని గంటసేపు పడుకో. పోయిన శ్రావణంలోనూ కాళ్లు ఇలాగే అయ్యాయి, తొమ్మిదో రోజున తగ్గాయి, పుస్తకంలో రాసి ఉంది. రేపటికీ ఇలాగే ఉంటే డాక్టరుకు ఫోను చెయ్యి. తమ్ముడికి ఇప్పుడే చెయ్యి, ఊరికే మాట్లాడు. సాయంత్రం బచ్చలికి నీళ్లు పొయ్యాలి."