టూరిస్ట్ వీసా మీద ఉద్యోగమా? విమానం ఎక్కే ముందు చూసుకోవాల్సినవి

కంబోడియాలోనో థాయిలాండ్‌లోనో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం, తిండీ రూమూ కంపెనీవే అని ఎవరైనా చెబితే ముందు అడగాల్సింది జీతం గురించి కాదు, వీసా గురించి. "టూరిస్ట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అన్నారంటే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు.

2024 మే నెలలో కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో వందలాది భారతీయులు తమతో పని చేయిస్తున్న మోసాల ముఠాలపై తిరగబడ్డారు. అందులో విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. ఏజెంటుకు లక్షన్నర దాకా కట్టి వెళ్తే, అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, ఇక్కడి జనానికే ఫోన్లు చేసి మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని ఇలాంటి ముఠాల చెర నుంచి బయటపడిన 500 మందికి పైగా మనవాళ్లను థాయిలాండ్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు.

వీళ్లు చదువుకున్నవాళ్లే. చట్టంలో కన్నం సరిగ్గా అక్కడే ఉంది. 1983 వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయ్యేది ప్రధానంగా పదో తరగతి పాసవని వాళ్లకు, అదీ 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు. గల్ఫ్ కూలీలను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు అది. కంబోడియా, మయన్మార్ ఆ జాబితాలో లేవు. అప్పుల్లో ఉన్న డిగ్రీ కుర్రాణ్ణి ఆపి "ఎక్కడికి బాబూ?" అని అడిగే నాథుడే లేడు. కాబట్టి ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లే అడగాలి.

ఏజెంటు సాధారణంగా ముక్కూ మొహం తెలియనివాడు కాదు. వరుసకు బావో, స్నేహితుడి అన్నో అయి ఉంటాడు. మొహమాటపడకండి. లైసెన్స్ నంబర్ అడిగి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. లైసెన్స్ ఉన్నవాడు కూడా సర్వీస్ ఛార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు తీసుకోండి.

పాస్‌పోర్టు, వీసా, టికెట్ ఫొటోలు ఇంట్లో ఉంచండి. ఆపదలో వాడే మాట ఒకటి ముందే అనుకోండి. "అమ్మమ్మ మందులు వేసుకుందా?" లాంటిదైతే పక్కనున్నవాడికి అనుమానం రాదు. బ్యాంకాక్‌లో ఉద్యోగమని చెప్పి కారు ఊరు దాటి గంటల తరబడి పోతుంటే అది మయన్మార్ సరిహద్దులోని మే సోట్ దారి కావచ్చు. పెట్రోల్ బంకులోనో హోటల్లోనో ఆపినప్పుడు దిగి జనంలో కలవండి, థాయ్ పోలీసుల 191కి గానీ టూరిస్ట్ పోలీసుల 1155కి గానీ ఫోన్ చేయండి.

ఇప్పటికే ఎవరైనా ఇరుక్కుంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ప్రవాస భారతీయుల హెల్ప్‌లైన్ 1800113090కి చెప్పండి, ఊళ్లో పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టండి. "వాడే ఇష్టపడి వెళ్లాడుగా" అని ఎవరన్నా అంటే జంకొద్దు. మనుషుల అక్రమ రవాణాకు సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో బాధితుడి సమ్మతికి విలువ లేదు. విడిపిస్తానని అదే ఏజెంటు మళ్లీ డబ్బు అడిగితే, ఇవ్వకముందే ఆ కాల్ రికార్డు పోలీసుల చేతికి చేరాలి.