టార్చిలైటుకు చిన్న వెలుగు – 4వ పాఠం: సగం కరెంటు అంటే సగం వెలుగు కాదు

మామూలు టార్చికి ఒక రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం) బిగించి, నిండు వెలుగుతో పాటు చిన్న వెలుగు కూడా వచ్చేలా చేయడమే ఈ పాఠాల పని. కిందటి పాఠం చివర్లో టార్చి వెనక మూత విప్పి, ఆఖరి సెల్ అడుగుకూ గొట్టం అంచుకూ మల్టీమీటర్ (కరెంటు, వోల్టేజి, అడ్డు కొలిచే మీటర్) ప్రోబులు, అంటే దాని తీగల మొనలు, ఆనించి కరెంటు ఎంత పోతోందో చూడమన్నాను. మూడు ట్రిపుల్-ఎ సెల్స్ వేసే మామూలు టార్చికి 300 మిల్లీ యాంప్స్ అటూఇటూగా రావాలి. కొందరికి వచ్చింది. కొందరికి 180 వచ్చింది. ఇంకొందరికి సున్నా వచ్చింది, ఆ తర్వాత మీటర్ కరెంటు చూపడమే మానేసింది. ప్రోబు ఏ రంధ్రంలో గుచ్చాలో నేను చెప్పకుండా వదిలేశాను. అందుకే ఈ పాఠం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

సున్నా వచ్చినవాళ్ల మీటర్ పాడవలేదు, లోపలి ఫ్యూజు పోయింది. చాలా మీటర్లలో మిల్లీ యాంప్స్ రంధ్రం వెనక 200 మిల్లీ యాంప్స్ ఫ్యూజే ఉంటుంది, దాని గుండా 300 పంపితే కాసేపట్లో తెగిపోతుంది. ఫ్యూజు పోవడానికి ఇంకో దారి కూడా ఉంది. కరెంటు కొలిచాక ప్రోబును అదే రంధ్రంలో ఉంచేసి, "సెల్ వోల్టేజి కూడా చూద్దాం" అని దాని రెండు కొసలకూ ఆనిస్తారు. కరెంటు కొలిచేటప్పుడు మీటర్ దాదాపు ఒక వైరు ముక్కలాంటిది, అంటే సెల్‌ను షార్ట్ చేసినట్టే. మీటర్ వెనక మూత తీసి ఫ్యూజు బయటికి లాగి, అదే మీటర్‌ను కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగులో) పెట్టి చూడండి. బీప్ రాకపోతే అదే రేటింగ్ ఉన్న కొత్తది వేయండి. సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి పని కానిచ్చేయొద్దు. ఈసారి తెగేది మీటరే.

180 వచ్చినవాళ్ల సంగతి వేరు. మిల్లీ యాంప్స్ రేంజిలో మీటర్‌కు సొంతంగా రెండు మూడు ఓమ్స్ అడ్డు ఉంటుంది. ఈ టార్చిలో మొత్తం అడ్డే నాలుగైదు ఓమ్స్, దానికి అది తోడైతే కరెంటు పడిపోతుంది. కొలుస్తున్నప్పుడు టార్చి కాస్త మసకబారడం మీరూ గమనించే ఉంటారు. 10 యాంప్స్ రంధ్రంలో పెట్టి మళ్లీ చూడండి, 0.30 దగ్గర చూపిస్తుంది.

ఇక రెసిస్టర్. లెక్క ఒక్క వరుసే: సెల్స్ వోల్టేజిలోంచి ఎల్ఈడీ వోల్టేజి తీసేసి, మనకు కావాల్సిన కరెంటుతో భాగించాలి. తెల్ల ఎల్ఈడీ నిండుగా వెలిగేటప్పుడు 3.2 వోల్టుల దగ్గర ఉన్నా, 5 మిల్లీ యాంప్స్ దగ్గర 2.7కి దిగుతుంది. కాబట్టి 4.5 లోంచి 2.7 తీసేస్తే 1.8, దాన్ని 0.005తో భాగిస్తే 360 ఓమ్స్. దగ్గరలో సులువుగా దొరికేది 330, అదే వేయండి. పావు వాట్ రెసిస్టర్ ధారాళంగా సరిపోతుంది. ఛార్జింగ్ సెల్స్ వాడేవాళ్లకు మొత్తం 3.6 వోల్టులే కాబట్టి 180 ఓమ్స్.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను. కొందరు ఈ పాఠం కోసం ఆగకుండా, "సగం వెలుగు చాలు" అనుకుని కరెంటు 150కి దిగేలా రెసిస్టర్ పెట్టారు. తేడా ఏమీ కనిపించలేదని, రెసిస్టర్ పనిచేయడం లేదని తేల్చేశారు. రెసిస్టర్ పనిచేస్తూనే ఉంది. తేడా కనిపించకపోవడానికి కారణం మన కన్ను. చీకట్లో కంటికి తోచే వెలుగు అసలు వెలుగుకు సుమారుగా ఘనమూలం లెక్కన పెరుగుతుంది, తరుగుతుంది. అంటే వెలుగును సగానికి తగ్గిస్తే కంటికి నూటికి 80 పాళ్లు ఉన్నట్టే ఉంటుంది. కంటికి సగం అనిపించాలంటే ఎనిమిదో వంతుకు దించాలి. వందో వంతుకు దించినా ఐదో వంతు ఉన్నట్టు తోస్తుంది.

నమ్మకం కలగకపోతే, ఒకే రకం బల్బులు రెండున్న గదిలో ఒకటి ఆర్పి చూడండి. గది సగం చీకటైందని ఎవరూ అనరు. మిట్ట మధ్యాహ్నం ఎండలో లక్ష లక్స్ వెలుగుంటుంది, రాత్రి దీపం వేసిన గదిలో రెండు మూడు వందలు కూడా ఉండకపోవచ్చు. రెండు చోట్లా అదే పుస్తకాన్ని అదే కంటితో చదువుతాం. కెమెరా వాడేవాళ్లకు ఒక స్టాప్ తగ్గించడమంటే వెలుగును సగం చేయడమని తెలుసు, ఫొటోలో అది ఎంత చిన్న తేడాయో కూడా తెలుసు. అందుకే 150 వద్దంటాను, 100 కూడా వద్దంటాను. 300 పక్కన చిన్న వెలుగు అనిపించుకోవాలంటే 30కి దిగాలి. అర్ధరాత్రి పక్కవాళ్ల నిద్ర చెడకుండా తాళంచెవి వెతుక్కోవాలంటే 5 చాలు. నా టార్చిలన్నిటికీ నేను 5 దగ్గరే పెట్టుకున్నాను.

లెక్కలు విసుగనిపించేవాళ్లకు నేను వాడే అడ్డదారి ఒకటుంది. 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్‌కు (తిప్పితే అడ్డు మారే రెసిస్టర్‌కు) వరుసలో ఒక 47 ఓమ్స్ రెసిస్టర్ కలిపి, టార్చి వెనక మూత ఉండాల్సిన చోట ఆనించి, నచ్చిన వెలుగు వచ్చేదాకా తిప్పండి. తర్వాత బయటికి తీసి మొత్తం ఎన్ని ఓమ్స్ ఉందో కొలుచుకోండి. ఆ 47 మాత్రం తప్పనిసరి. అది లేకుండా పూర్తిగా తిప్పేస్తే లోపలి పట్టీ కాలిపోతుంది.

బిగించడం సులువే. వెనక మూతలోని నొక్కుడు స్విచ్ రెండు కాళ్లకూ అడ్డంగా రెసిస్టర్ సోల్డర్ చేయాలి. స్విచ్ ఆన్‌లో ఉంటే కరెంటు దాని గుండానే పోతుంది, నిండు వెలుగు వస్తుంది. ఆఫ్ చేస్తే రెసిస్టర్ గుండా పోతుంది, చిన్న వెలుగు వస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌ను కాలి మీద రెండు సెకన్లకు మించి ఉంచొద్దు. లోపలి ప్లాస్టిక్ మెత్తబడితే కాలు ఒక పక్కకు ఒరిగి, నొక్కినప్పుడు టక్కుమనే శబ్దం పోతుంది. ఆ స్విచ్ ఇక పారేయాల్సిందే. ఒక్క సెల్‌తో నడిచే టార్చిలకు ఈ పద్ధతి వద్దు. వాటిలో వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉంటుంది. దానికి అందే వోల్టేజి తగ్గేకొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంటు లాగబోతుంది, రెసిస్టర్ అడ్డుపడుతుంది, వెలుగు మిణుకుమిణుకుమంటూ ఆగిపోతుంది.

ఇలా బిగించాక టార్చి పూర్తిగా ఆరదు. ఆల్కలైన్ ట్రిపుల్-ఎ సెల్ సుమారు 1,000 మిల్లీ యాంప్ అవర్స్ ఇస్తుంది, 5 మిల్లీ యాంప్స్ లెక్కన 200 గంటలు. ఎనిమిది రోజుల పైచిలుకు. ఇలా చేసిన మొదటి టార్చిని నేను సొరుగులో పెట్టి మరిచిపోయాను. రెండు నెలల తర్వాత తీస్తే స్ప్రింగ్ చుట్టూ తెల్లటి పొడి పేరుకుని, సెల్స్ గొట్టానికి అతుక్కుపోయి ఉన్నాయి. గోరుతో గీకి, వెనిగర్ అద్ది తుడిచినా ఆ స్ప్రింగ్ మునుపటిలా కాలేదు. కాబట్టి వాడనప్పుడు మూతను ఒక చుట్టు వదులు చేసి పెట్టండి. మూత బిగిసే గొట్టం మరలకు రంగుపూత ఉంటేనే ఇది పనిచేస్తుంది. కంటిన్యుటీలో ఒక ప్రోబు ఆ మర మీద, ఇంకోటి గొట్టం అంచు మీద పెట్టండి. బీప్ వస్తే పూత లేదన్నమాట, అప్పుడు మూత పూర్తిగా విప్పాల్సిందే.

అభ్యాసం మూడు రాత్రులు పడుతుంది. ఒక్కో రాత్రి ఒక్కో రెసిస్టర్ పెట్టండి: 330, 1 కిలో, 3.3 కిలో. దీపాలన్నీ ఆర్పి ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోండి, ఫోన్ ముట్టుకోకండి. ఆ తర్వాత టార్చిని చిన్న వెలుగులో వెలిగించి న్యూస్‌పేపర్‌లోని చిన్న అక్షరాలు ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నారో, గది అవతలి గోడ కనిపిస్తోందో లేదో రాసుకోండి. పక్కనే కరెంటు ఎంతో కూడా రాయండి, ఈసారి 20 మిల్లీ యాంప్స్ రేంజిలో. ఇక్కడ వందల ఓమ్స్ ఉన్నాయి కాబట్టి మీటర్ అడ్డు లెక్కలోకి రాదు. ఆ మూడు అంకెలూ వచ్చే పాఠానికి కావాలి. ఆఫ్, చిన్న వెలుగు, నిండు వెలుగు మూడూ ఉండే స్లైడ్ స్విచ్‌ను వాటిని బట్టే బిగిద్దాం.